హైదరాబాద్ నుంచి డాలస్: ఎన్ని కిలోమీటర్లు, అసలు ఎన్ని గంటలు?

మా అమ్మానాన్నలు కరీంనగర్ నుంచి మొదటిసారి అమెరికా బయల్దేరే ముందు ఇంట్లో ఒకటే ప్రశ్న: "మొత్తం ఎన్ని గంటల ప్రయాణం?" జవాబులు మాత్రం నాలుగు వచ్చాయి. తమ్ముడు ఫోన్‌లో వెతికి పదిహేడు గంటలన్నాడు. నాన్న టికెట్ చేత్తో పట్టుకుని, "పొద్దున నాలుగింటికి ఎక్కితే అదే రోజు సాయంత్రం నాలుగింటికి దిగుతున్నాం, పన్నెండు గంటలేగా" అన్నారు. టికెట్ బుక్ చేసిన ఏజెంటు ఇరవై రెండున్నర అని చెప్పాడు. డాలస్‌లో ఉన్న చెల్లి మాత్రం, "అమ్మా, రెండు రాత్రుల నిద్ర పోయినట్టే అనుకో" అంది.

తమాషా ఏమిటంటే, నాన్న లెక్క తప్ప మిగతా ముగ్గురివీ వాటి మేరకు నిజమే. నాన్న లెక్క కూడా గడియారం చెప్పిన నిజమే. దూరం చూపించే సైట్లు చెప్పేది ఒకటి, టికెట్ మీద కనిపించేది ఒకటి, విమానం కంపెనీ లెక్కపెట్టేది ఇంకొకటి, మన ఒంటికి తెలిసేది వేరొకటి. ఈ నాలుగింటినీ ఎవరికి వాళ్లు కాగితం మీద ఎలా లెక్కేసుకోవచ్చో ఇక్కడ చెప్తాను. హైదరాబాద్ – డాలస్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. పద్ధతి మాత్రం ఏ రెండు ఊళ్లకైనా ఇదే. కావాల్సింది ఒక కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్.

ముందు ఊరు కాదు, ఎయిర్‌పోర్టు తేల్చుకోండి

సెర్చ్‌లో "హైదరాబాద్" అని కొడితే ఒక్కోసారి పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్ వచ్చి కూర్చుంటుంది. చూసుకోకపోతే మొదటి అడుగులోనే దాదాపు వెయ్యి కిలోమీటర్ల పైన తేడా. డాలస్‌కు రెండు ఎయిర్‌పోర్టులున్నాయి. మనవాళ్లు విదేశాల నుంచి దిగేది డాలస్ – ఫోర్ట్‌వర్త్‌లో. టికెట్ మీద డిఎఫ్‌డబ్ల్యు అని ఉండేది అదే. ఊళ్లోకి దగ్గరగా ఉండే లవ్ ఫీల్డ్ ఎక్కువగా అమెరికా లోపలి ఫ్లైట్లది. హ్యూస్టన్‌కీ ఇలాగే రెండు. బే ఏరియాకైతే శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసే, ఓక్లాండ్ అని మూడు. పిల్లలు ఉండే ఇంటికి ఏది దగ్గరో వాళ్లనే అడగండి.

ఎయిర్‌పోర్టు తేలాక దాని అక్షాంశం, రేఖాంశం రాసుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో రన్‌వే మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు చూపిస్తుంది. శంషాబాద్‌కి ఉత్తర అక్షాంశం 17.24, తూర్పు రేఖాంశం 78.43. డిఎఫ్‌డబ్ల్యుకి ఉత్తర అక్షాంశం 32.90, పశ్చిమ రేఖాంశం 97.04. పశ్చిమం అంటే మైనస్. ఈ మైనస్ మర్చిపోతే డాలస్ పోయి చైనాలో తేలుతుంది, లెక్క మొత్తం పాడవుతుంది.

దగ్గరి ఊళ్లకు స్కూలు లెక్క చాలు

డాలస్ కంటే ముందు చిన్నది చేద్దాం. భూమి మీద ఉత్తర దక్షిణంగా ఒక డిగ్రీ కదిలితే దాదాపు 111 కిలోమీటర్లు. తూర్పు పడమరగా కదిలితే అంత రాదు. ఎందుకంటే రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరపడుతూ ఉంటాయి. అందుకే ఆ డిగ్రీని అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి.

ఢిల్లీ ఎయిర్‌పోర్టు 28.56, 77.10. శంషాబాద్‌తో అక్షాంశం తేడా 11.32 డిగ్రీలు. దాన్ని 111.2తో గుణిస్తే 1,259 కిలోమీటర్లు. రేఖాంశం తేడా 1.33 డిగ్రీలే. రెండు ఊళ్ల మధ్య అక్షాంశం దాదాపు 22.9, దాని కొసైన్ 0.921. ఈ రెండింటినీ 111.2తో గుణిస్తే 136 కిలోమీటర్లు. ఇక ఎనిమిదో తరగతి పైథాగరస్: రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 1,266. అసలు దూరం 1,260 దగ్గర ఉంటుంది. భూమి నిండు బంతి కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి ఆ ఐదారు కిలోమీటర్ల తేడా. టికెట్ కొనేవాళ్లకు అది లెక్కలోకి రాదు.

ఇదే పద్ధతిలో హైదరాబాద్ – విశాఖ 511 కిలోమీటర్లు, హైదరాబాద్ – తిరుపతి 420, హైదరాబాద్ – విజయవాడ 265 వస్తాయి. ఇవన్నీ గాల్లో దూరాలు. రోడ్డు మీద దీనికంటే ఎక్కువే ఉంటుంది.

దూరపు ఊళ్లకు దారం లెక్క

రెండు మూడు వేల కిలోమీటర్లు దాటితే పైథాగరస్ పనికిరాదు. భూమి గుండ్రం కాబట్టి. గోడ మీద ప్రపంచ పటం చూసి హైదరాబాద్ నుంచి డాలస్‌కు స్కేలు పెట్టి గీత గీస్తే అది అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. అది దగ్గరి దారి కాదు. పిల్లల గ్లోబ్ ఒకటి తీసుకుని, రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. దారం మెల్లగా పైకి జారి ఉత్తర ధ్రువం పక్కకు వెళ్లి కూర్చుంటుంది. ఇది మొదటిసారి చూసినప్పుడు నేను దారం తప్పు పెట్టానేమో అనుకుని మూడుసార్లు మళ్లీ పెట్టాను.

కారణం తేలికే. 78.43కీ 97.04కీ కలిపితే 175.47. అంటే డాలస్ దాదాపుగా భూమికి మనకు అవతలి వైపు రేఖాంశం మీద ఉంది. పూర్తిగా అవతలి వైపైతే 180 ఉండాలి. అలాంటప్పుడు దగ్గరి దారి నేరుగా ధ్రువం మీదుగానే. కాబట్టి హైదరాబాద్ – డాలస్ దూరం తెలుసుకోవడానికి సైన్, కొసైన్ కూడా అక్కర్లేదు. శంషాబాద్ నుంచి ధ్రువానికి 90 లోంచి 17.24 తీసేస్తే 72.76 డిగ్రీలు. ధ్రువం నుంచి డాలస్‌కు 90 లోంచి 32.90 తీసేస్తే 57.10. కలిపితే 129.86. దాన్ని 111.2తో గుణిస్తే 14,440 కిలోమీటర్లు. అంతే!

ఆ దారం ఏ ఊళ్ల మీద పోతుందో చూస్తే ఇంకా సరదా. ఇటు ఆగ్రా, డెహ్రాడూన్ దరిదాపుల్లో నుంచి హిమాలయాలు దాటి, మధ్య ఆసియా, సైబీరియా, ధ్రువం. అటు దిగేటప్పుడు కెనడాలో విన్నిపెగ్, అమెరికాలో విచిటా, ఓక్లహోమా సిటీ దరిదాపుల్లో నుంచి డాలస్.

మిగతా ఊళ్లకు ఈ అదృష్టం ఉండదు కాబట్టి అసలు సూత్రం కూడా రాసుకోండి. మొదటి అక్షాంశపు సైన్‌ని రెండో అక్షాంశపు సైన్‌తో గుణించాలి. మొదటి అక్షాంశపు కొసైన్‌ని రెండోదాని కొసైన్‌తోనూ, రేఖాంశాల తేడా కొసైన్‌తోనూ గుణించాలి. ఈ రెండూ కలిపి, వచ్చిన అంకెకు విలోమ కొసైన్ తీస్తే డిగ్రీలు వస్తాయి. మన లెక్కలో:

0.2964 × 0.5432 = 0.1610
0.9551 × 0.8396 × (−0.9969) = −0.7994
రెండూ కలిపితే −0.6384
విలోమ కొసైన్ 129.67 డిగ్రీలు
129.67 × 111.2 = 14,419 కిలోమీటర్లు

ధ్రువం మీదుగా వేసిన లెక్కకు, దీనికి తేడా ఇరవై కిలోమీటర్లే. కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో లేదో ముందే చూసుకోండి. రేడియన్లలో ఉంటే పిచ్చి అంకెలు వస్తాయి. అమెరికా సైట్లు దూరాన్ని మైళ్లలో చూపిస్తాయి: 14,419ని 1.609తో భాగిస్తే దాదాపు 8,960 మైళ్లు. పైలట్లు వాడేది నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. ఆ లెక్కన దాదాపు 7,790. ఒకే దూరానికి మూడు అంకెలు కనిపిస్తే కంగారు పడకండి, కొలత పేరు చూడండి.

లేని విమానానికి టైము చెప్పే సైట్లు

తమ్ముడికి దొరికిన పదిహేడు గంటలు ఎక్కడిదంటే, 14,419ని గంటకు 850 కిలోమీటర్లతో భాగించగా వచ్చింది. లెక్క కరెక్టే. కానీ హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా పోయే విమానమే లేదు. దూరం చూపించే సైట్లు చాలావరకు రెండు ఊళ్ల పేర్లు తీసుకుని భాగహారం చేసి పెడతాయి. ఆ దారిలో విమానం నడుస్తుందా లేదా అన్నది వాటికి పట్టదు.

నేరుగా పోలేనంత దూరం కూడా కాదు. సింగపూర్ – న్యూయార్క్ 15,300 కిలోమీటర్ల పైనే, అది రోజూ నడిచే దారే. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకు ఎయిరిండియా నేరుగా ఫ్లైట్ మొదలుపెట్టింది, 13,280 కిలోమీటర్లు. తర్వాత ఆపేశారు. అదే నెలలో అందరూ మహిళలే ఉన్న సిబ్బందితో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ధ్రువం మీదుగా విమానం వచ్చింది. అప్పుడు టీవీల్లో బాగా చూపించారు.

కాబట్టి అసలు దూరం కావాలంటే మధ్యలో ఎక్కడ దిగుతారో చూసి ముక్కలు ముక్కలుగా లెక్కెయ్యాలి. దోహా మీదుగా అయితే 2,910, ఆ తర్వాత 12,740, మొత్తం 15,650. దుబాయ్ మీదుగా 2,550కి 12,920 కలిపితే 15,470. లండన్ మీదుగా 7,750, 7,630 కలిపి 15,380. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,120, 8,260 కలిపి అంతే, 15,380.

చూశారా, అటు గల్ఫ్, ఇటు యూరప్. నాలుగు దారుల మధ్య తేడా మూడు వందల కిలోమీటర్లు లేదు. విమానానికి అది ఇరవై నిమిషాలు. "గల్ఫ్ మీదుగా అయితే దగ్గర, లండన్ మీదుగా అయితే చుట్టు" అని మనవాళ్లు బల్ల గుద్ది చెప్తుంటారు గానీ, డాలస్ విషయంలో అది నిలబడదు. ఎంచుకోవాల్సింది దూరాన్ని బట్టి కాదు. మధ్యలో ఎంతసేపు కూర్చోవాలి, ఒంటికి ఏది సుఖం అన్నదాన్ని బట్టి. మా నాన్నకు నడుం నొప్పి. ఆయనకు పదహారు గంటలు ఒకే సీట్లో కూర్చోవడం కంటే పది, పది చొప్పున రెండు ముక్కలు మేలేమో అని చాలా ఆలోచించాం. చివరికి ఒకసారి నిద్రపోతే మళ్లీ లేపొద్దని అమ్మ పట్టుబట్టింది. దోహా దారే ఖాయమైంది.

దూరాన్ని గంటల్లోకి మార్చడం

టికెట్ మీద ఉండే టైము విమానం గాల్లో ఉన్న టైము కాదు. గేటు దగ్గర నుంచి వెనక్కి కదిలిన క్షణం నుంచి, అవతల గేటు దగ్గర ఆగే క్షణం దాకా. రన్‌వే దాకా మెల్లగా పోవడం, వరుసలో నిలబడటం, పైకెక్కడం, దిగే ముందు చక్కర్లు అన్నీ అందులోనే. అందుకే దూరాన్ని వేగంతో భాగిస్తే సరిపోదు, పైన కొంత కలపాలి.

నేను వాడే మొరటు లెక్క ఇది. దేశం లోపల ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటివైతే కిలోమీటర్లను 800తో భాగించి 35 నిమిషాలు కలపండి. ఢిల్లీకి 1,260 అంటే గంటా 35 నిమిషాలు, కలిపితే రెండు గంటల పది నిమిషాలు. విశాఖకు గంటా పది, పదిహేను నిమిషాలు. అదే విశాఖకు రెక్కల మీద ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్ వేస్తే దాని వేగం గంటకు 500 దరిదాపుల్లోనే కాబట్టి గంటన్నర. బుక్ చేసేటప్పుడు ఏ విమానమో కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

దూరప్రయాణాలకు దూరాన్ని ముందు ఐదారు శాతం పెంచండి. విమానం దారం మీద నడిచినట్టు పోదు కాబట్టి. తర్వాత 880తో భాగించి 40 నిమిషాలు కలపండి. దోహా – డాలస్: 12,740కి ఆరు శాతం కలిపితే 13,500. 880తో భాగిస్తే పదిహేను గంటల ఇరవై నిమిషాలు. నలభై కలిపితే పదహారు గంటలు. టికెట్ మీదా అటూ ఇటూగా అంతే ఉంటుంది.

తిరుగు ప్రయాణానికి ఇదే లెక్క వేస్తే తప్పుతుంది. విమానాలు ఎగిరే పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు గట్టి గాలులు నదిలా పారుతుంటాయి. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో వాటి జోరు ఎక్కువ. అమెరికా పోయేటప్పుడు ఎదురీత, వచ్చేటప్పుడు గాలివాటం. అందుకే వచ్చేటప్పుడు దూరం పెంచకుండా 920తో భాగించి, ఆ 40 నిమిషాలు కలపండి. డాలస్ – దోహా పద్నాలుగున్నర గంటలకు వచ్చేస్తుంది. ఒకే దూరం, గంటన్నర తేడా. ఢిల్లీ – హైదరాబాద్ లాంటి ఉత్తర దక్షిణ దారుల్లో ఈ తేడా పెద్దగా ఉండదు.

దారి వంకరపోవడానికి గాలి ఒక్కటే కారణం కాదు. టిబెట్ పీఠభూమి మీదుగా మామూలుగా విమానాలు పోవు. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే పైలట్ వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దించాలి. మాస్కుల్లో ఆక్సిజన్ ఆ కాసేపటికే సరిపోతుంది. అక్కడ నేలే నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తులో ఉంటే ఎక్కడికి దించుతారు? ఇక రాజకీయాలు. 2019 ఫిబ్రవరి చివర నుంచి జులై దాకా పాకిస్తాన్ తన ఆకాశం మూసేసింది. 2025 ఏప్రిల్‌లో మళ్లీ మన విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి పడమటికి పోయే మన విమానాలు దక్షిణానికి దిగి చుట్టూ తిరగాల్సి వచ్చింది. 2022 నుంచి అమెరికా, యూరప్ కంపెనీల విమానాలకు రష్యా ఆకాశం లేదు. ఇలాంటివి ఏ సూత్రానికీ దొరకవు. అందుకే లెక్క వేశాక ఒకసారి విమానాల జాడ చూపించే ఫ్లైట్‌రాడార్24 సైట్‌లో ఆ ఫ్లైట్ నంబరు కొట్టి, గత వారం రోజులు నిజంగా ఎన్ని గంటలు పట్టిందో చూడండి. ఏ భాగహారం కంటే అదే నమ్మదగ్గది.

గడియారాల గొడవ: అన్నీ మన టైములోకి మార్చండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. టికెట్ మీద బయల్దేరే టైము ఆ ఊరిది, దిగే టైము దిగే ఊరిది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే నాన్నకు వచ్చినట్టు పన్నెండు గంటలే వస్తుంది.

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, గంటకు 15. మన టైముకు ఆధారం 82.5 డిగ్రీల రేఖాంశం. అది మన కాకినాడ దగ్గర్లోనే పోతుంది. 82.5ని 15తో భాగిస్తే ఐదున్నర. అందుకే గ్రీనిచ్ కంటే మనం ఐదున్నర గంటలు ముందు. దోహా మూడు గంటలు ముందు, అంటే మనకంటే రెండున్నర వెనక. దుబాయ్ గంటన్నర వెనక. డాలస్ మాత్రం ఏడాదిలో రెండు రకాలు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా మనకంటే పదిన్నర గంటలు వెనక. మిగతా చలికాలం పదకొండున్నర. లండన్ కూడా గడియారం మారుస్తుంది గానీ అమెరికా మార్చిన రోజున కాదు. అక్కడ మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. మధ్యలో వచ్చే మార్చిలోని రెండు మూడు వారాల్లో, అక్టోబర్ చివరి ఆదివారం తర్వాతి వారంలో లండన్ మీదుగా పోయేవాళ్లు లెక్క రెండుసార్లు చూసుకోవాలి.

నేను చేసేది ఒక్కటే. కాగితం మీద రెండు వరుసలు. ఒకదాంట్లో ఆ ఊరి టైము, పక్కన మన టైము. కూడికలు, తీసివేతలు అన్నీ మన టైము వరుసలోనే. అమ్మానాన్నల ప్రయాణం జూన్‌లో. కాగితం ఇలా ఉంది:

హైదరాబాద్‌లో ఎక్కడం: బుధవారం ఉదయం 4:00. మన టైము అదే.
దోహాలో దిగడం: ఉదయం 6:00. మన టైము 8:30. (నాలుగున్నర గంటలు)
దోహాలో ఎక్కడం: ఉదయం 8:00. మన టైము 10:30. (రెండు గంటల ఆగుడు)
డాలస్‌లో దిగడం: బుధవారం సాయంత్రం 4:00. మన టైము గురువారం తెల్లవారుజామున 2:30. (పదహారు గంటలు)

మన టైము వరుసలో పైనుంచి కిందికి చూస్తే ఇరవై రెండున్నర గంటలు. ఏజెంటు చెప్పింది ఇదే. నాన్న పన్నెండు గంటలకు పదిన్నర కలిపినా ఇదే వస్తుంది. సరిచూసుకోవడానికి అది మంచి దారి.

ఈ మన టైము వరుస ఇంకోదానికీ పనికొచ్చింది. నాన్నకు బీపీ, షుగర్ మాత్రలు ఉన్నాయి. దారిలో ఎప్పుడేది వేసుకోవాలో డాక్టర్‌ని అడిగినప్పుడు ఈ కాగితమే చూపించాం. ఆయన దాని మీదే పెన్నుతో గుర్తులు పెట్టి ఇచ్చారు. కిటికీలోంచి ఎండ కనిపిస్తుందా, చీకటి కనిపిస్తుందా అన్నదానితో నాన్నకు పని లేకుండా పోయింది.

మధ్యలో ఆగే టైము

రెండు గంటల ఆగుడు కాగితం మీద బాగానే ఉంటుంది. మొదటి ఫ్లైట్ నలభై నిమిషాలు ఆలస్యమైతే? రెండో ఫ్లైట్ గేటు ఇరవై నిమిషాల ముందే మూసేస్తారు. పైగా అమెరికా ఫ్లైట్లకు గేటు దగ్గర మళ్లీ సెక్యూరిటీ ఉండొచ్చు. పెద్దవాళ్లకు, మొదటిసారి పోయేవాళ్లకు మూడు గంటలు ఉండేలా చూడండి. నాలుగైనా నష్టం లేదు. మేం రెండు గంటలది తీసుకున్నాం గానీ వీల్‌చైర్ ముందే చెప్పి పెట్టాం. టెన్షన్ మాత్రం తప్పలేదు. మళ్లీ అయితే తీసుకోను.

రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే నాలుగు వేలు మిగలొచ్చు. కానీ మొదటిది ఆలస్యమై రెండోది పోతే ఎవరూ బాధ్యత తీసుకోరు.

అమెరికాలోనే ఇంకో ఫ్లైట్ మారాల్సి ఉంటే, ఉదాహరణకు లండన్, షికాగో, డాలస్ అనుకోండి, మొదట దిగిన షికాగోలోనే ఇమిగ్రేషన్. లగేజీ అక్కడే బెల్టు మీద నుంచి తీసుకుని మళ్లీ అప్పగించాలి. దీనికి మూడు గంటల లోపు అసలు పెట్టుకోవద్దు. నేరుగా డాలస్‌లో దిగే ఫ్లైట్‌కు ఈ బాధ లేదు. అబుదాబి మీదుగా పోతే ఇంకో వెసులుబాటు ఉంది. అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది, అవతల దిగాక నేరుగా బయటికి నడవడమే. కాకపోతే అక్కడ ఆగే టైములోంచి ఆ క్యూ టైము తీసేసి చూసుకోవాలి.

గుమ్మం నుంచి గుమ్మానికి

నాలుగింటి ఫ్లైట్‌కు ఒంటిగంటకల్లా శంషాబాద్‌లో ఉండాలి. కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద వచ్చి, శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి, మధ్యలో ఒక టీకి ఆగితే ఐదు గంటలు పెట్టుకోవడం మంచిది. అంటే మంగళవారం రాత్రి ఎనిమిదికి ఇల్లు కదలాలి. టికెట్ మీద బుధవారం అని ఉంటుంది. బుధవారం రాత్రి సూట్‌కేసులు సర్దుకున్నవాళ్లు నాకు తెలుసు.

అవతల సాయంత్రం నాలుగుకు దిగితే ఇమిగ్రేషన్, లగేజీ గంటన్నర. చెల్లి ఇల్లు ఫ్రిస్కోలో, కారులో నలభై ఐదు నిమిషాలు. ఇంటికి చేరేది 6:15. మన టైములో గురువారం తెల్లవారుజాము 4:45. మంగళవారం రాత్రి ఎనిమిది నుంచి లెక్కపెట్టండి: ముప్పై రెండు గంటల నలభై ఐదు నిమిషాలు. చెల్లి చెప్పిన రెండు రాత్రులు ఇవే.

చిన్న ప్రయాణాలకు ఈ లెక్క ఇంకా ముఖ్యం. హైదరాబాద్ – విజయవాడ గాల్లో గంటే. కానీ మియాపూర్ నుంచి శంషాబాద్‌కు గంటన్నర, అక్కడ గంటన్నర ముందు, అవతల గన్నవరం నుంచి బెంజ్ సర్కిల్‌కు ముప్పావు గంట కలిపితే బస్సు టైముకు దగ్గరగా వచ్చేస్తుంది. దానికి బస్సే మేలు అని నా అభిప్రాయం, కనీసం మధ్యలో పునుగులైనా తినొచ్చు.

తిరుగు ప్రయాణం, తారీఖు మోసం

వచ్చేటప్పుడు గడియారం మన మీదికి తిరగబడుతుంది. పోయేటప్పుడు దాచుకున్న పదిన్నర గంటలు వచ్చేటప్పుడు తిరిగి ఇచ్చేయాలి. డాలస్‌లో మంగళవారం సాయంత్రం 7:00కి ఎక్కితే మన టైము బుధవారం ఉదయం 5:30. పద్నాలుగున్నర గంటలకు దోహా: అక్కడ సాయంత్రం 5:30, మనకు రాత్రి 8:00. మూడు గంటలు ఆగి, మనకు రాత్రి 11:00 అయినప్పుడు ఎక్కితే, నాలుగు గంటల్లో శంషాబాద్. అప్పటికి గురువారం తెల్లవారుజాము 3:00.

టికెట్ మీద మంగళవారం ఎక్కి గురువారం దిగుతున్నట్టు కనిపిస్తుంది. అసలు ప్రయాణం ఇరవై ఒకటిన్నర గంటలే. ఆ గురువారం తెల్లవారుజాము మూడే మా బాబాయిని బోల్తా కొట్టించింది. తీసుకురావడానికి గురువారం రాత్రి బయల్దేరుదామని కారు మాట్లాడి పెట్టాడు. బుధవారం రాత్రి పదింటికి చెల్లి ఫోన్ చేసి "ఎక్కడిదాకా వచ్చారు?" అంటే, బాబాయి అన్నం తింటున్నాడు. అమ్మానాన్నలు శంషాబాద్‌లో బయటికొచ్చి బెంచీ మీద గంటసేపు కూర్చున్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో తీసుకురావడానికి పోయే వాళ్లకు తారీఖు చెప్పం. "బుధవారం రాత్రి భోజనం చేసి బయల్దేరు" అని చెప్తాం.

ఒకవేళ మీ వాళ్ల తిరుగు ప్రయాణం నవంబర్ మొదటి ఆదివారం తర్వాత పడితే, డాలస్‌లో ఎక్కే టైము పక్కన రాసుకున్న మన టైముకు ఇంకో గంట కలపండి. సాయంత్రం 7:00 అప్పుడు మనకు ఉదయం 6:30 అవుతుంది. దోహా వరుస, హైదరాబాద్ వరుస కూడా ఆ గంటతో పాటు జరుగుతాయా, లేక కంపెనీ బయల్దేరే టైమే మారుస్తుందా అన్నది కొత్త టికెట్ కాపీ తెప్పించుకుని చూడాలి. పాత కాపీ పట్టుకుని కారు మాట్లాడొద్దు.